బండలే అడుగుతాండారు

షమాకు కర్నూల్లో ఉద్యోగం. ఒక వెబ్‌సైట్‌కు ఎంతమంది వచ్చారు, ఏ ఊరినుంచి వచ్చారు, ఏ పేజీ దగ్గర విసుగుపుట్టి వెళ్లిపోయారు అన్నది చూసి, ప్రకటన ఎలా పెడితే బేరం తగులుతుందో చెప్పడం ఆమె పని. చుట్టాలు దీన్ని కంప్యూటర్ పని అనేసి వదిలేస్తారు. ఆమె నాయన దాదా ఖలందర్ మాత్రం కూర్చోబెట్టి అంతా అడిగి తెలుసుకున్నాడు. కూతురి మీద ఆయనకు అంత గురి.

ఎర్రగుంట్ల దగ్గర ఆయనకు పాలిష్ షెడ్డు ఉండేది. ఇళ్లలో పరిచే నల్ల కడప బండలను కోసి, నునుపు చేసి అమ్మేవాడు. టైల్స్ మోజు వచ్చాక అడిగే నాథుడు లేడు. షెడ్డును గోడౌనుకు ఇచ్చేయమని టైల్స్ వ్యాపారి ఒకాయన వెంటపడుతున్నాడు.

"రంజాన్ దాకా ఆగు నాయనా, నేను చూసుకుంటా" అంది షమా.

వెబ్‌సైట్ తయారుచేసింది. ఫోన్‌లో ఏ మాటలు వెతికితే అది అన్నిటికంటే ముందు కనబడాలో తనే ఎంచి, ప్రకటన పెట్టింది. బండ. బండ ధర. బండ కావాలి. ఆ షెడ్డులో ఆడుకుంటూ పెరిగిన పిల్లకు బండ అంటే ఇంకొకటి తట్టలేదు.

జనం విరగబడి వచ్చారు. షమా సంబరంగా నాయనకు ఫోను చేసింది.

"ఫోన్లు వస్తాండాయా?"

"శానా వస్తాండాయమ్మా."

"ఏమడుగుతాండారు?"

"బండలే అడుగుతాండారు."

ఒక్కరూ కొనలేదు. ఇల్లు కట్టేవాళ్లు నిదానంగా తేలుస్తారులే అని ఆమె సర్దిచెప్పుకుంది. ఊళ్లో అందరి వెబ్‌సైట్లనూ జల్లెడపట్టే మనిషి, సొంతదాని జోలికి పోవడానికి జంకినట్టుంది. రంజాన్ నెల మొదలయ్యాక గానీ, వచ్చినవాళ్లు ఏం టైపు చేశారో చదవలేదు. బండ బుకింగ్. బండ ఎప్పుడొస్తుంది. బండ సబ్సిడీ. అందరూ గ్యాస్ సిలిండర్ కోసం వచ్చినవాళ్లే. తన వంటింట్లోనూ షమా దాన్ని బండ అనే అంటుంది.

మర్నాడే బస్సెక్కి ఎర్రగుంట్ల వెళ్లింది. నాయన నమాజుకు పోయాడు. మిషన్ నడిపే పుల్లన్న ఒక్కడే ఉన్నాడు. అతనితోనే మొత్తుకుంది.

"మాకు మొదట్లోనే తెలుసు గదమ్మా" అన్నాడు పుల్లన్న. "గ్యాసు బండ యాడ దొరుకుతాది అని ఒకటే ఫోన్లు. మీ నాయన ఒక్కర్నీ కసరల్యా. పాప అంత సంతోషంగా ఉండాది, చెప్పొద్దులేప్పా అన్నాడు."

షమా అక్కడే బండల దొంతి మీద కూలబడి ఏడ్చింది. ఆయన ఒక్క మాట చెప్పి ఉంటే ఒక్క పూటలో సరిచేసేది. ప్రేమ ఉంటే ఉండనీ, ఇంత మౌనం ఎందుకని ఈ కథ చెబుతున్న నాకిప్పటికీ కోపమే.

ఆ సాయంత్రమే మాటలు మార్చింది. ఇంటికి పరిచే కడప బండలు అని పెట్టింది. గ్యాసు కోసం వచ్చేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు. కానీ దాదా ఖలందర్ అప్పటికే టైల్స్ ఆయనకు మాటిచ్చేశాడు. పండగ వెళ్లగానే మిషన్ విప్పి లారీకెత్తారు. పుల్లన్న సిమెంటు ఫ్యాక్టరీలో కూలికి కుదిరాడు.

కొన్నాళ్లకు నాయన ఫోను చేశాడు. గొంతులో హుషారు.

"ఈసారి నిజంగా పరిచే బండలకేనమ్మా. బెంగళూరులో ఇల్లు కట్టుకుంటాండారంట, ఇల్లంతటికీ అవే కావాలంట. నువ్వు చెప్పినట్టే వచ్చినారు సూడు."

షమా అడిగింది.

"ఏం చెప్పినావు నాయనా?"

"మనకాడ లేవు గదా. టైల్స్ ఆయప్ప నంబరిచ్చినా."