వేళ తప్పి తినరాదు

2006 జూన్‌లో నన్ను కంపెనీ ఆసుపత్రి వార్డు నుంచి మెడికల్ పరీక్షల సెంటరుకు హెడ్ నర్సుగా బదిలీ చేశారు. గోదావరిఖని చుట్టుపక్కల బాయిల్లో పనిచేసే ప్రతి కార్మికుడూ కొన్నేళ్లకోసారి ఈ సెంటరుకు వచ్చి ఫిట్ అనిపించుకుని వెళ్లాలి. బాయి అంటే ఇక్కడ బొగ్గుగని. ఎత్తు, బరువు, చూపు, వినికిడి, ఛాతీ ఎక్స్‌రే అన్నీ చూశాక మెడికల్ ఆఫీసరు సంతకం పెడతారు. వార్డుల్లో మూడు షిఫ్టులూ తిరిగి తిరిగి విసిగిపోయిన నాకు జనరల్ డ్యూటీ దొరికిందని ఎంత సంబరమో చెప్పలేను.

మామూలు కార్మికుల పరీక్ష ఒక ఎత్తు, రెస్క్యూ జట్టు పరీక్ష ఒక ఎత్తు. బాయిలో నిప్పు రాజుకున్నా, గ్యాస్ కమ్మినా ముందు లోపలికి దిగేది రెస్క్యూ శిక్షణ పొందినవాళ్లు. వీపున ఆక్సిజన్ యంత్రం, ముఖానికి మాస్కు కట్టుకుని వేడిలో, పొగలో పాకాలి. అందుకే వాళ్లకు ఏటేటా పరీక్ష ఉండేది. ఒళ్లు పెరిగితే జట్టులోంచి పేరు తీసేస్తారు.

ఆ జులైలో రెస్క్యూ పరీక్షకు ఓదెలు వచ్చాడు. టింబర్‌మన్, అంటే పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే మనిషి. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. తూకం ఎనభై ఆరు కిలోలు చూపించింది. మెడికల్ ఆఫీసరు కాగితం మీద ‘అధిక బరువు, మూడు నెలల గడువు, డెబ్బై ఆరుకు రావాలి’ అని రాసి అవతల పెట్టారు. మూడు నెలల్లో పది కిలోలు ఎలా తగ్గాలో ఆయన చెప్పలేదు. అది నర్సు పని అన్నారు.

ఓదెలు నా బల్ల ముందు నిలబడి, ఏం చేయమన్నా చేస్తాను కానీ జట్టులోంచి మాత్రం పోనన్నాడు. చాలా ఏళ్ల కిందట అతని బావ గ్యాస్ నిండిన చోట చిక్కుకుంటే ఆ జట్టే లోపలికి వెళ్లి తెచ్చింది. శవాన్నే తెచ్చారు, కానీ తెచ్చారు. అక్క కడసారి ముఖం చూసుకుంది. ఆ మరుసటి ఏడే ఇతను రెస్క్యూ శిక్షణకు పేరిచ్చాడు. ఇదంతా అతను నాలుగు ముక్కల్లో చెప్పాడు, నేను రిజిస్టరు నింపుకుంటూ విన్నాను.

నా దగ్గర ఒక డైట్ షీటు ఉండేది. పట్నంలో ఏదో శిక్షణకు పంపినప్పుడు ఇచ్చారు. దాన్ని తెలుగులోకి మార్చి టైపు చేయించి జిరాక్సులు తీయించుకున్నాను. పొద్దున ఏడున్నరకు మూడు ఇడ్లీలు. పదకొండుకు మజ్జిగ. ఒంటిగంటకు రెండు పుల్కాలు, కప్పు అన్నం, కూర. నాలుగున్నరకు ఒక పండు. రాత్రి ఎనిమిదికి రెండు పుల్కాలు, తర్వాత ఏమీ లేదు. చివర ‘వేళ తప్పి తినరాదు’ అని రాసి, దాని కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు నేనే కొట్టేదాన్ని. అప్పుడు నా బరువు డెబ్బై ఎనిమిది. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఓదెలు ప్రతి సోమవారం వచ్చి తూకం ఎక్కేవాడు. మొదటి నెల నాలుగు కిలోలు తగ్గాడు. రెండో నెల మరో మూడు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ల కింద నలుపు దిగింది. నేను ముల్లును చూశాను తప్ప ముఖాన్ని చూడలేదు. అక్టోబరులో సరిగ్గా డెబ్బై ఆరుకు వచ్చాడు. ఆఫీసరు అతని భుజం తట్టి, అతని పేరు నోటీసు బోర్డు మీద రాయించారు. పట్టుదల ఉంటే ఇలా ఉండాలని వచ్చినవాళ్లందరికీ నేను చూపించేదాన్ని. ఆ వారం నా షీటు కోసం జనం క్యూ కట్టారు.

మెడికల్ పాసైనవాడు తనతో పనిచేసే గ్యాంగుకు దావత్ ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ. వేటమాంసం, కల్లు లేకుండా ఒప్పుకోరు. ఓదెలు కూడా ఇచ్చాడు. మూడు నెలల తర్వాత ఆ ఒక్క పూట కడుపునిండా తిన్నాడు. ఆ మర్నాడు ఎవరూ పిలవకుండానే సెంటరుకు వచ్చి తూకం ఎక్కాడు. డెబ్బై ఎనిమిదిన్నర. ఒక్క పూట తిన్నందుకు కొవ్వు పెరగదని, అది ఉప్పూ నీళ్ల బరువని నర్సింగ్ మొదటి ఏడాది పిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. అయినా నేను అన్నది వేరు. మూడు నెలల కష్టం ఒక్క దావత్‌లో నేలపాలు చేశావని, నోరు కట్టుకోలేనివాడికి రెస్క్యూ ఎందుకని చీవాట్లు పెట్టాను. అతను చెప్పులు వేసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

పద్దెనిమిది రోజుల తర్వాత రెస్క్యూ స్టేషనులో ప్రాక్టీసు జరిగింది. అక్కడ గనిలాంటి గ్యాలరీ ఒకటి కట్టి, వేడి పెట్టి, పొగ వదిలి, అందులో పని చేయిస్తారు. ఓదెలు యంత్రం కట్టుకుని లోపలికి వెళ్లి, సగం దూరంలో స్పృహ తప్పి కూలబడ్డాడు. తోటివాళ్లు అతన్ని ఈడ్చుకుని బయటికి తెచ్చారు. ఆసుపత్రిలో చేర్చేసరికి రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఉంది. ప్రాణానికి ముప్పు తప్పింది.

ఆ మధ్యాహ్నం నేను వార్డుకు వెళ్లాను. మంచం పక్కన అతని భార్య సరోజన కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. కొంగుముడి విప్పి ఒక కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగిపోతే వెనకవైపు కాగితం ముక్కలు అంటించి దాచుకున్న నా షీటే అది.

“సిస్టరమ్మా, ఒక్క మాట చెప్త, ఏమనుకోకు. రెండో షిఫ్టుల రాత్రి ఎనిమిదింటికి ఈయన బాయిల ఉంటడు. పదకొండు దాటినంక ఇంటికొస్తడు. అన్నం పెడ్త రా అంటే, వేళ దాటింది, సిస్టరమ్మ తినొద్దన్నది అంటడు. ఇన్ని నీళ్లు తాగి పంటడు.”

మూడో షిఫ్టు వారం సంగతి అడిగాను. పొద్దున ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది, అంటే ఇడ్లీల వేళ పోయింది. పడుకుంటే ఒంటిగంట వేళా నిద్రలోనే పోతుంది. సాయంత్రం లేచి ఒక అరటిపండు, ఎనిమిదికి రెండు పుల్కాలు తిని బాయికి పోయేవాడు. దావత్ తర్వాత ఆ పుల్కాలూ ఒకటికి తగ్గించాడు. తూకానికి వచ్చే ముందు రోజు మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. సరోజన ఇదంతా లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

ఒక్కసారైనా నాకు చెప్పవలసింది కదా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

“మీరు బాయి దవాఖానల పనిచేస్తరు గదమ్మా. మీకు షిఫ్టులు ఎరుకనే అనుకున్నం. ఎరుక ఉండే గిట్ల రాసిన్రు అనుకున్నం.”

నాకు తెలియకపోవడమేమిటి? నైట్ డ్యూటీల్లో అర్ధరాత్రి దాటాక వార్డు బల్ల మీద డబ్బా విప్పి పెరుగన్నం తిన్నదాన్ని. తోటి నర్సులతో ఆవకాయ పంచుకున్నదాన్ని. వేళ తప్పింది కాబట్టి పస్తుండాలని నాకెప్పుడూ తోచలేదు. బాయి మనిషికి మాత్రం పట్నం గుమస్తా గడియారం కట్టి పంపాను. అతను దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. సిగ్గుపడ్డాను, కానీ క్షమించమని అడగకుండానే వార్డులోంచి వచ్చేశాను.

మెడికల్ బోర్డు అతన్ని రెస్క్యూకు శాశ్వతంగా అన్‌ఫిట్ చేసింది. కారణం బరువు కాదు, స్పృహ తప్పడం. ‘ఆహార సూచనలు సరిగా పాటించలేదు’ అని ఆఫీసరు రాశారు. ఆ కాగితం నా చేతుల మీదుగానే ఫైలులోకి వెళ్లింది. పాటించాడు కాబట్టే పడిపోయాడని నేను ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, అలా రాస్తే ముందు పోయేది నీ పదోన్నతే సిస్టర్ అన్నారు. నేను మళ్లీ అనలేదు. పదోన్నతి మరుసటి ఏడాది వచ్చింది.

తర్వాత నేను షీటు మార్చాను. గడియారం వేళలు కొట్టేశాను. లేచాక ఒక పూట, షిఫ్టు మధ్యలో ఇంటి నుంచి కట్టుకెళ్లిన సద్ది, ఇంటికొచ్చాక కొద్దిగా, ఏ షిఫ్టయినా ఇంతే. అన్నం ఒక్కసారిగా సగం చేయొద్దు, పిడికెడు తగ్గించి ఆరు నెలలు చూడు. దావత్‌కు పిలిస్తే పోయి తిను, మర్నాడు మామూలుగా తిను, తూకం ఎక్కకు. నెలకు ఒక కిలో తగ్గినా చాలు. ఆఫీసరుతో వాదించి మూడు నెలల గడువును ఏడాది చేయించాను. ఇలా మెల్లగా తగ్గినవాళ్లలో చాలామంది ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉన్నారు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు ఓదెలు మామూలు పరీక్షకు వచ్చాడు. మనిషి బాగా లావయ్యాడు. తూకం మీదికి ఎక్కి, ముల్లుకు వీపు పెట్టి గోడవైపు తిరిగాడు.

“ఎంతున్నదో నాకు చెప్పకు సిస్టరమ్మా. రాసుకో, గంతే.”

రాసుకున్నాను. తర్వాత కొత్త షీటు చేతికిచ్చి, ఒక్కో మాటా వివరించాను. ఓపికగా విన్నాడు. “కాయితం మంచిగున్నది. నాకే అన్నం ముందల కూసుంటె భయమైతది. తినకుంట ఉంటే ఎన్ని దినాలైనా ఉంట, మొదలువెడితే ఆగ. నడుమ ఎట్ల తినాల్నో మర్చిపోయిన” అన్నాడు. షీటు మడిచి మర్యాదగా బల్ల మీదే పెట్టి వెళ్లాడు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఏం తినాలో రాసిచ్చే ముందు ఆ మనిషి ఎప్పుడు పడుకుంటాడో, ఎప్పుడు లేస్తాడో, ఎవరితో కూర్చుని తింటాడో అడగాలి. బెదిరించి తగ్గించిన బరువు తిరిగి వస్తుంది, పెట్టిన భయం మాత్రం పోదు. ఇది తెలిశాక నేను చాలామందికి మేలు చేశానని నా రిటైర్మెంటు సభలో అన్నారు. ఆ మాట నిజమే. ఆ చాలామందిలో ఓదెలు లేడు.