మ్యాప్‌లో లేని గల్లీకి హఫీజ్‌పేట్ నుంచి ఒకే ఒక్క స్టేషన్

మా బడికి ఈ ఏడాది పెద్ద టచ్ తెర వచ్చింది. చిరుగులు పడ్డ గోడ మ్యాపుల మీద కర్రతో గోదావరిని చూపించి చూపించి విసిగిపోయిన సోషల్ టీచర్ని నేను. ఆ తెర చూడగానే కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. మొదటి రోజే ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఉపగ్రహ చిత్రం తెరిచి, ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కోమన్నాను. క్లాసు క్లాసంతా తెర మీద పడింది. ఒకడు వాళ్ల డాబా మీద ఆరేసిన దుప్పటి కూడా కనిపిస్తోందన్నాడు. అది అబద్ధమని నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

శిరీష మాత్రం వేలు గాల్లోనే ఉంచి నిలబడింది. హైటెక్ సిటీ స్టేషన్ అవతల, అద్దాల బిల్డింగుల వెనకాల ఉంటుంది వాళ్లిల్లు. హఫీజ్‌పేట్‌లో కిరాయి పెరిగిపోయి అక్కడికి మారారు కానీ, బడి మాత్రం మార్చలేదు. రోజూ రైల్లో వస్తుంది. "రేకులైతే కనిపిస్తున్నయ్ మేడం. మా తొవ్వే లేదు" అంది. నిజమే. పొడుగు బిల్డింగుల నీడ పడి, పై నుంచి చూస్తే గల్లీ ఆనవాలే లేదు. మ్యాప్‌లోనూ అక్కడ గీత లేదు. పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. పోయిన వానాకాలంలో పక్కింటి తాతకి ఛాతీ నొప్పి వస్తే, మ్యాప్ నమ్ముకుని వచ్చిన అంబులెన్స్ గల్లీని ఆనుకున్న గోడకి అవతల, ఖరీదైన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఆగిపోయిందట. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ తిప్పి మోసుకెళ్లారట. "ఇప్పుడు మా అక్క కాన్పుకి వచ్చింది మేడం. వచ్చే నెలనే" అని మెల్లగా చెప్పింది.

తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మన పద్ధతి. ఆ పుట్టిల్లు ఎక్కడుందో అంబులెన్స్‌కి తెలియకపోతే ఎలా? ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎవరైనా దారులు చేర్చగలిగే మ్యాపులు ఉన్నాయని ఒక శిక్షణలో విన్నాను. పొద్దున్నే హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, పాఠం శిరీష వాళ్ల గల్లీలోనే చెప్తానన్నాను. ఆయన ఎండలు, ట్రాఫిక్, బాధ్యత అంటూ ఏకరువు పెట్టి, చివరికి సంతకం చేశారు. తల్లిదండ్రుల అనుమతి ఉన్న ఆరుగురు పిల్లలతో రెండో శనివారం బయల్దేరాను.

ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే టీచర్లకి చెప్తున్నాను, ఎంఎంటీఎస్ లోకల్ రైలుని మించిన ప్రయోగశాల లేదు. హఫీజ్‌పేట్‌లో తొమ్మిది దాటాక ఎక్కాం. టికెట్ ఛాయ్ కన్నా చవక. పిల్లల చేతుల్లో మూడు ఫోన్లు. రైలు కదలగానే తెర మీద నీలం చుక్క కూడా కదిలింది. "మేడం, మనమే! పోతున్నం మనం!" అని ఇర్ఫాన్ అనే పిల్లాడు అరిచిన అరుపుకి, నిద్రలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఉలిక్కిపడి లేచి, తన స్టేషన్ వచ్చిందేమోనని సంచి తగిలించుకున్నాడు. అక్షాంశం, రేఖాంశం అని నేను ఎన్నేళ్లు గొంతు చించుకున్నా రాని వెలుగు ఆ మొహాల్లో ఒక్క స్టేషన్ దూరంలో వచ్చింది. నాకైతే రైలు లింగంపల్లి వరకు వెనక్కి వెళ్లి మళ్లీ వస్తే బాగుండుననిపించింది.

స్టేషన్ బయట షేర్ ఆటో మాట్లాడుకున్నాం. మనిషికి ఇరవై అన్నాడు, పిల్లలు కదా అని పదిహేనుకి ఒప్పుకున్నాడు. అద్దంలోంచి ఫోన్ల వంక చూసి, "ఏంది మేడం, సర్వేనా?" అని అడిగాడు. సర్వే కాదు, పాఠం అన్నాను. "పాఠమైతే మంచిదే. ఆడ సర్వే అనకుండ్రి జర. పరేషాన్ అయితరు" అన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. గల్లీ మొదట్లో దిగగానే ఆ మాట అర్థమైంది. ఫోన్లు పట్టుకున్న మమ్మల్ని చూసి రెండు తలుపులు మూసుకున్నాయి. శిరీష వాళ్లమ్మ యాదమ్మ ఎదురొచ్చి, మంచినీళ్లిస్తూనే నిలదీసింది.

"మేడం, మీ మీద గౌరవం ఉంది. కానీ గిట్లనే ఫోన్లు పట్టుకొని ఫోటోలు కొడ్తరు. ఇగ తెల్లారి ఇండ్లు కూలగొట్టనీకి జేసీబీ వస్తదని భయం. మేం కనబడకుంటెనే మంచిగున్నం."

నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. మ్యాప్‌లో ఉండటం అంటే మంచిదే కదా అనుకుని వచ్చాను. కనబడితే ఏమవుతుందో అన్న భయం నాకెప్పుడూ లేదు కాబట్టి, ఆ ఆలోచనే రాలేదు. "మీరు వద్దంటే వెళ్లిపోతామండి" అన్నాను. నిజంగానే అన్నాను. శిరీష మొహం చిన్నబోయింది. అప్పుడు గడప మీద కాళ్లు చాపుకుని కూర్చున్న వాళ్లక్క స్వప్న, నిండు కడుపు మీద చెయ్యి వేసుకుని అంది: "ఇండ్లు వద్దమ్మా. తొవ్వ ఒక్కటి పెట్టనియ్యి. తొవ్వ అందరిదే కదా."

అక్కడే తేలిపోయింది పని. ఇళ్లు గీయం, పేర్లు రాయం, మనుషుల ఫోటోలు తీయం. పెద్ద రోడ్డు నుంచి నీళ్ల ట్యాంకు మలుపు దాకా దారి మాత్రమే. యాదమ్మ ఒక్కొక్క తలుపూ తట్టి ఆ మాటే చెప్పి వచ్చింది. మూసుకున్న తలుపులు తెరుచుకున్నాయి. వాటర్ ట్యాంకర్ లోపలిదాకా వస్తుంది కాబట్టి అంబులెన్స్ కూడా పడుతుందని చూసుకున్నాం. పిల్లలు మూడు ఫోన్లలోనూ దారిని నమోదు చేసే బటన్ నొక్కి, పెళ్లి ఊరేగింపులా నడిచారు.

చివరికి వచ్చి చూస్తే శిరీష పట్టుకున్న ఫోన్‌లో గీత తిన్నగా లేదు. తాగి నడిచినవాడి అడుగుల్లా వంకర్లు పోయి, గోడ దాటి, అపార్ట్‌మెంట్ల ఈత కొలనులోంచి వెళ్లింది! "శిరీష ఈత కొట్టింది మేడం!" అని అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, శిరీష ఒక్కతే ఫోన్ వంక చూస్తూ, "గిదే పెడితే మళ్ల ఆ గేటు కాడికే పోతది అంబులెన్స్" అంది. నవ్వులు ఆగిపోయాయి. ఎత్తైన అద్దాల గోడలకి తగిలి ఉపగ్రహ సంకేతం చెదిరిపోతుంది. ఫోన్ ఉన్నచోటు ఒకటి, చూపించేది ఒకటి. ఏ పుస్తకంలో లేని పాఠం అక్కడ నిలబడి చెప్పాను. నా సర్వీసులో అంత నిశ్శబ్దంగా విన్న క్లాసు ఇంకోటి లేదు.

తప్పు దిద్దడానికి మన హైదరాబాదు పద్ధతే పనికొచ్చింది. ఇక్కడ ఎవరూ వీధి పేరుతో దారి చెప్పరు కదా. ట్రాన్స్‌ఫార్మర్ దాటి, చికెన్ షాపు పక్క నుంచి, నీలం తాడిపత్రి కప్పిన షెడ్డు కాడ మలుగు అంటారు. ఉపగ్రహ చిత్రంలో గల్లీ కనబడకపోయినా, ట్రాన్స్‌ఫార్మరు, నల్లటి నీళ్ల ట్యాంకు, నీలం తాడిపత్రి చక్కగా కనిపిస్తున్నాయి. పిల్లలు మళ్లీ మళ్లీ నడిచి, గీతల్ని ఒకదాని మీద ఒకటి వేసి, ఆ గుర్తుల పక్కకి జరిపి గల్లీని నిలబెట్టారు. పేరు దగ్గర మాత్రం గొడవైంది. పిల్లలు గొప్ప గొప్ప పేర్లు చెప్పారు. యాదమ్మ ఒప్పుకోలేదు. "అందరూ బోరింగు గల్లీ అంటరు. అదే రాయుండ్రి." బోరింగు ఎక్కడుందని అడిగితే, పాన్ డబ్బా పక్కన ఖాళీ నేల చూపించింది. ఎప్పుడో పీకేశారట. పేరు మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నం అందరికీ అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఇంటికెళ్లి వండుకునే ఓపిక లేదని తెలిసినట్టు నాకు గిన్నెలో కూడా కట్టి ఇచ్చింది.

ఎవరైనా దిద్దే మ్యాప్‌లో గల్లీ ఆ సాయంత్రమే ఎక్కింది. డ్రైవర్లందరూ వాడే మ్యాప్‌కి మాత్రం ఈ దారి అందులో లేదని ఫిర్యాదు పంపి కాచుకోవాల్సి వచ్చింది. రోజూ క్లాసు మొదట్లో తెర తెరవడం, లేదనుకోవడం, మూయడం. ఒక ఉదయం తెరవగానే సన్నని తెల్లటి గీత కనిపించింది. క్లాసంతా ఎగిరిన ఎగురుకి పక్క గది లెక్కల సారు పరిగెత్తుకొచ్చారు. నేనూ ఎగిరాను. ఎందుకు దాచాలి?

ఆ తర్వాత కొన్నాళ్లకి ఒక రోజు శిరీష బడికి రాలేదు. మధ్యాహ్నం వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. పొద్దున్నే స్వప్నకి నొప్పులొచ్చాయట. అంబులెన్స్‌కి చెప్పి, ఏ బండి వచ్చినా చేసినట్టే, చెయ్యి ఊపి దారి చూపడానికి ఆయన పెద్ద రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఇంట్లోవాళ్లు డ్రైవరు దారి అడుగుతాడని ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఫోన్ మోగలేదు. "నేను చెయ్యి ఎత్తుతనే ఉన్న మేడం. నన్ను దాటుకొని సక్కగ గల్లీలకు తిరిగిండు. నన్ను అడగనే లేదు!" ఆ గొంతులో కోపం, గర్వం, ఏడుపు అన్నీ ఉన్నాయి. ఆడపిల్లట. ఇద్దరూ క్షేమమట. నేను స్టాఫ్ రూంలో అందరి ముందే ఏడ్చేశాను.

మ్యాపులంటే దేశాలు, సరిహద్దులు అని చెప్తూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇప్పుడు నాకు మ్యాప్ అంటే ఆ సన్నని తెల్లటి గీతే. మా పిల్లలు గీశారని చెప్పుకుంటూ తిరుగుతున్నాను, మా ఆయన విని విని చెవులు మూసుకుంటున్నారు. మీరూ వెళ్లాలనుకుంటే ఒక్క సలహా: ఫోన్ తెరవకముందే అక్కడి వాళ్లని అడగండి, ఏది గీయాలో, ఏది గీయకూడదో వాళ్లనే చెప్పమనండి. అంతా అయ్యాక కూడా పెద్ద రోడ్డు మీద ఒక మనిషిని నిలబెట్టడం మానకండి. ఫోన్లు ఈత కొలనులో దూకే ఊరు మనది. బండి ఆయన్ని అడగకుండానే వెళ్లిపోతే, ఆయనకి మనవరాలికి చెప్పుకోవడానికి ఒక కథ మిగులుతుంది.