పరుశురాం పెట్టిన సున్నాలు

తార్నాక గేటు నుంచి హాస్టళ్ల దాకా యూనివర్సిటీ క్యాంపస్ బస్సు నడిపే పరుశురాంకు ఇరవై రెండేళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు. ఈ మాట ఆయన చెప్పని మనిషి, ఆయనుండే అడిక్‌మెట్ మొత్తంలో లేడు. అలాంటి మనిషి రూట్లోకి డ్రైవర్ లేని బండి దిగింది. ఇంజనీరింగ్ వాళ్లు తయారుచేసిన తెల్లటి చిన్న బండి. మొదటిరోజే దానికి దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు, పిల్లలంతా సెల్ఫీలు దిగారు. ఇన్నేళ్లలో పరుశురాంతో సెల్ఫీ దిగిన పాపాన ఎవడూ పోలేదు. కుళ్లు పుట్టదా మరి? పుట్టింది. అన్నం సహించనంతగా పుట్టింది.

"సవతి వచ్చినట్టు గట్ల ఏడుస్తవేంది?" అంది భార్య భూదేవి.

"సవతే! నెల దినాలు సాఫ్‌గ నడిస్తే నా రూటు దానికిస్తరట."

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఆ నెలంతా దాని ముందు సీట్లో కూర్చోమన్నది కూడా ఆయన్నే. స్టీరింగ్ ముట్టకూడదు. ఏదైనా అయ్యేలా ఉంటే మాత్రం బ్రేక్ తొక్కాలి. ఆ తొక్కుడు లెక్క బండికి తెలియదు, మనిషే రాయాలి. లెక్కలు చూసే స్టాటిస్టిక్స్ పరిశోధక విద్యార్థిని తేజస్వి ఒక కాగితాల కట్ట ఇచ్చింది. పైన ఆయన పేరు, కింద రోజుకో గడి: 'బ్రేక్ ఎన్నిసార్లు?'

అది చూడగానే పరుశురాంకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓహో, దాన్నీ తననీ పక్కపక్కన పెట్టి మార్కులేస్తారన్నమాట! సడన్ బ్రేక్ అంటే డ్రైవర్‌కు మచ్చ. ఆ డబ్బా ముందు తన పేరు మీద మచ్చా? సాయంత్రం గడిలో సున్నా చుట్టి సంతకం పెట్టాడు. మర్నాడూ సున్నాయే.

నిజానికి రోజూ తొక్కుతూనే ఉన్నాడు. కుక్క అడ్డమొస్తే తొక్కాడు, రాంగ్ రూట్లో స్కూటీ వస్తే తొక్కాడు. ఒకనాడు జామకాయలమ్మే సోమమ్మ, దొర్లిన కాయ కోసం బండి ముందే వంగింది. బండి ఆగలేదు. తగలనీ, ఒక్కసారి తగిలితే దీని పీడ పోతుంది అనుకుంది ఆయన పాడు మనసు. ఆ మాట పూర్తికాకముందే కాలు బ్రేక్ తొక్కేసింది. ఆ సాయంత్రమూ సున్నాయే రాశాడు.

నెల నిండింది. సెమినార్ హాల్లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ లెక్క చదివాడు: తొమ్మిది వందల కిలోమీటర్లు, ప్రమాదాలు సున్నా, మనిషి ఆపాల్సి వచ్చినవి సున్నా. చప్పట్లు మోగాయి. పరుశురాం లేచి నిలబడ్డాడు.

"అబద్ధం సార్! నేను తొక్కిన! దినాం తొక్కిన!"

తేజస్వి కట్ట తెచ్చి చూపింది. "మీరే కదన్నా సున్నాలు రాసింది? అవి మీ మార్కులు కాదు, బండివి. మీరు తొక్కిన ప్రతిసారీ అది తప్పు చేసినట్టు లెక్క."

పరుశురాం కట్ట అందుకుని తన సున్నాలన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు.

"పోనీలే అన్నా, ఎప్పుడెప్పుడు తొక్కినారో చెప్పండి, ఇప్పుడు దిద్దుతా," అని పెన్ను తీసిందామె.

ఏం చెబుతాడు? జరగని యాక్సిడెంట్లను ఏ డ్రైవర్ గుర్తుపెట్టుకుంటాడు? నుదురు రుద్దుకుని ఎంత వెతికినా, తగలనీ అనుకున్న ఆ ఒక్క రోజే తేదీతో సహా గుర్తొచ్చింది. తలవంచుకుని చెప్పాడు. తేజస్వి సున్నా కొట్టేసి ఒకటి వేసింది.

ప్రొఫెసర్ తొంగిచూశాడు. "తొమ్మిది వందల కిలోమీటర్లకు ఒక్కటేనా? భేష్!"

హాలంతా మళ్లీ చప్పట్లు కొట్టింది.