కఫీల్ తండ్రి పడవలో పోర్చుగీసు నావికుడు

మా కంపెనీ వార్షికోత్సవానికి నేను పోర్చుగీసు నావికుడి వేషం కట్టాను. కాలికట్‌కు సముద్రదారి కనిపెట్టాడని బళ్లో బట్టీపట్టామే, ఆయన. మాది కువైట్‌లో, సబ్హాన్ అనే చోట తలుపులూ అల్మారాలూ చేసే వర్క్‌షాపు. నేనక్కడ ఇంజనీరుని, విజయవాడవాణ్ణి. ఆ ఏడు ఇండియా-కువైట్ స్నేహం మీద నాటకం వెయ్యమన్నారు. స్నేహం, సముద్రం అనగానే మా కమిటీలో అందరికీ ఆ ఒక్క మనిషే గుర్తొచ్చాడు. ఆ స్నేహంతో ఆయనకేం చుట్టరికమో ఒక్కరూ అడగలేదు. పొడుగ్గా ఉంటానని వేషం నాకిచ్చారు. నేనే అడిగి తీసుకున్నానని మా ఆవిడ అంటుంది. అదే నిజం.

రిహార్సల్ మొదటిరోజే గొడవ. కేరళ నుంచి వచ్చిన స్టోర్‌కీపర్ టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి, "యాత్రికుల ఓడని ఆడవాళ్లతో, పిల్లలతో సహా తగలబెట్టినవాడికి మేం దండ వెయ్యాలా?" అన్నాడు.

"దారి కనిపెట్టాడు కదా" అన్నాను.

"అరబ్బులు అప్పటికే వందల ఏళ్లుగా ఆ దారిలో తిరుగుతున్నారు. ఇతనికీ దారి తెలిసినవాడెవరో చూపించాడు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయిదొందల ఏళ్ల కిందట పోయిన మనిషి నాకేదో సొంత బాబాయన్నట్టు అరిచాను. చివరికి రాజీ కుదిరింది. మొదటి సీనులో మహానుభావుడు, రెండో సీనులో దుర్మార్గుడు. బట్టలు ఒక్క జతే ఉన్నాయి కాబట్టి రెండో సీనుకి టోపీ తియ్యాలి, అంతే తేడా.

ఓడ చెయ్యడం మా వడ్రంగి పని. కడపాయన, యాభై దాటినవాడు. మూడేళ్లుగా ఇంటిమొహం చూడలేదు. ఊళ్లో భార్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు. "నేను పోనిదే ఆపరేషన్ వద్దంటాంది సార్. కట్టు ఇప్పినప్పుడు ఎదురుగా నేనుండల్లంట" అనేవాడు. లీవు కాయితం కఫీల్ సంతకం కోసం నెలన్నరగా బల్ల మీదే ఉంది. కఫీల్ అంటే మా యజమాని, డెబ్బై దాటిన కువైటీ. నాటకం అయ్యాక చూద్దామన్నాడు. ఓడ బాగుంటే సంతకం పడుతుందని వడ్రంగి ఆశ. అన్నం కూడా దాని పక్కనే కూర్చుని తినేవాడు.

శుక్రవారం సాయంత్రం, నాటకానికి గంట ముందు, ఓడ మీద కప్పిన గుడ్డ తీశాను. ముక్కు పొడుగ్గా, తెరచాప ఏటవాలుగా, అచ్చం అరబ్బు పడవ.

"ఇదేంటయ్యా?"

"పాతకాలం తెరచాప ఓడ అంటిరి గద సార్. నాకు తెల్సిన ఓడ ఇదొక్కటే" అని జేబులోంచి వంద ఫిల్సు బిళ్ల తీశాడు. కువైట్ బిళ్లలన్నిటి మీదా ఉండే పడవ అది. కొలతలన్నీ ఆ బిళ్ల మీద నుంచే తీసుకున్నాడట. నోటికొచ్చినట్టు తిట్టాను. బొమ్మ చూపించాల్సింది నేనే, మర్చిపోయిందీ నేనే.

కఫీల్ మొదటి వరసలో కూర్చున్నాడు. నేను ఈక టోపీతో పడవలో నిలబడి, "అదిగో ఇండియా! నేనే కనిపెట్టాను!" అన్నాను. చప్పట్లు మోగాయి. కఫీల్ లేచాడు. చేతికర్ర పట్టుకుని స్టేజీ ఎక్కాడు.

"మా నాన్న పడవలో నీకేం పని? దిగు! యల్లా!"

ఇదీ నాటకమే అనుకుని జనం ఈలలు వేశారు. స్టోర్‌కీపర్ అందరికన్నా గట్టిగా వేశాడు. నేను గబగబా టోపీ తీసి, "బాబా, ఇప్పుడు నేను దుర్మార్గుణ్ణే" అని నాకొచ్చిన అరబీలో మనవి చేసుకున్నాను. ఆయన నా మీదికెత్తిన కర్ర దించలేదు. దూకేశాను.

ఆయన పడవలో కూర్చుని దాని ముక్కు నిమిరాడు. వాళ్ల నాన్న ఇలాంటి పడవలోనే ఏటేటా కాలికట్ వెళ్లి టేకు తెచ్చేవాడట. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, స్నేహం మా మొదటి వరసలో ఉండగా మేం పోర్చుగల్ దాకా పోయాం.

"ఎవరు చేశారిది?" అన్నాడు. వడ్రంగిని పిలిచాను. కఫీల్ అతన్ని కావలించుకుని నాతో అన్నాడు, "మా ఇంట్లో అతిథులు కూర్చునే దివానియాలో పెట్టడానికి దీనికి రెండింతలది చెయ్యాలి. అది అయ్యేదాకా ఈయన ఎక్కడికీ కదలకూడదు. లీవు తర్వాత."

"ఏమంటాండాడు సార్? సంతకం పెడ్తాడంటనా?" అన్నాడు వడ్రంగి, మొహం వెలిగిపోతూ.

ఓడ ఇంత బాగా చెయ్యకపోయి ఉంటే సంతకం పడి ఇంటికి పోయేవాడు. కఫీల్ వైపు తిరిగి, "బాబా, ఇది ప్లైవుడ్. మీ నాన్నగారి పడవలాంటిది కావాలంటే టేకు ఇండియాలోనే చూసి తేవాలి. చేసేవాడే వెళ్లాలి" అన్నాను. శుద్ధ అబద్ధం. మా గోడౌన్లో టేకు గుట్టలుగా ఉంది.

ఆయన వేలి కణుపుతో పడవని తట్టి చూశాడు. "నిజమే. మా నాన్నా అందుకేగా వెళ్లేవాడు" అని, నేను పరుగున వెళ్లి తెచ్చిన లీవు కాయితం పడవ అంచు మీదే పెట్టి సంతకం చేశాడు.

ఎయిర్‌పోర్టులో వడ్రంగికి ఒక్కటే చెప్పాను. "ఏ కొయ్యైనా తే. మీ వైపు ఎర్రచందనం మాత్రం తేకు. ఇద్దరం జైల్లో కూర్చుంటాం."

నలభై రోజులకి తువ్వాల్లో చుట్టుకుని ఓ టేకు కొయ్య తెచ్చాడు. కఫీల్ దాన్ని వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. "కాలికట్ టేకు! మా నాన్న పడవ వాసన!" అన్నాడు. అది కడపలో వాళ్లింటి పాత మంచం కోడు. నేను తల ఊపాను. ఇప్పుడది దివానియా పడవకి చుక్కాని పిడి.

"ఆపరేషన్ ఎట్లా అయింది?" అనడిగాను వడ్రంగిని.

"బాగా అయింది సార్. కట్టు ఇప్పినప్పుడు ఎదురుగానే నిలబడుకోని ఉంటి. నన్ను శానాసేపు జూసి, 'నువ్వెప్పుడు ముసిలోనివైతివి? ఫోన్లో చెప్పనేలేదే' అనింది."

చెప్పి, నవ్వుకుంటూ కొయ్యను చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.