మా మిద్దె మీద ఢాకా

ఢాకా నగరం గురించి నాకు తెలిసినంత మా వేలూరులో ఇంకెవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను. నేను ఆ ఊరికి ఎప్పుడూ వెళ్ళలేదు. గుడియాత్తం నుంచి వేలూరికి బస్సులో నిలబడి రావడమే నా రోజువారీ ప్రయాణం, అందులోనే నాకు నడుము పడిపోతుంది. ఢాకాయే మా ఇంటికి వచ్చింది. వంటిల్లున్న గది కావాలంది, గీజరు పనిచేయడం లేదంది, మా నాయనతో పోట్లాట పెట్టుకుంది.

మా నాయన కే.వి.కుప్పం వైపు రైతు. బోర్లు ఒకటొకటే ఎండిపోతుంటే, వేలూరులో పెద్ద ఆసుపత్రికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఇల్లు కట్టి, వైద్యానికి వచ్చేవాళ్ళకు గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. అమ్మ పోయాక ఆయన అక్కడే కింది గదిలో ఉంటున్నాడు. గుడియాత్తంలో మా ఆయన తన లుంగీల వ్యాపారం చూసుకుంటాడు. నేను పొద్దున్నే వచ్చి గదుల పని చూసి సాయంత్రం వెళ్ళిపోతాను. మా దగ్గర దిగేవాళ్ళలో ఎక్కువమంది బెంగాలీ మాట్లాడేవాళ్ళే, అందులోనూ సరిహద్దుకు అవతలి వాళ్ళు. వాళ్ళ కోసం మా వీధిలో మందుల షాపు బోర్డు కూడా బెంగాలీలోనే రాశారు. మా నాయన తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవడం రాదు. ఆ బోర్డు కింద నిలబడి, "మన అచ్చరాలు గూడా ఇట్లానే గీత పట్టుకోని యాలాడతాయా పాపా?" అని అడుగుతాడు.

ఆ ఏడాది ఢాకా నుంచి ఒక మాష్టారు, భార్యా, ఇరవై దాటిన కూతురూ దిగారు. అమ్మాయికి గుండెలో కవాటం పాడైంది. పరీక్షలన్నీ అయ్యాక ఆపరేషనుకు రోజు చెప్తామన్నారు. మాష్టారు అక్కడ బడిలో చరిత్ర, భూగోళం రెండూ చెప్పేవారు. మా నాయన మా వైపు అరవం మాటతో ఆయన్ని "వాద్యారే" అనేవాడు. ఇద్దరి మధ్యా నేనూ, నా లాడ్జి హిందీ.

మొదటి రోజే నాయన తన ప్రశ్న వేశాడు. ఎవరు దిగినా వేసే ప్రశ్నే అది. "మీ ఊరి ఏట్లో నీళ్ళుండాయా?"

పాలారు ఒడ్డున పుట్టి ఏట్లో నీళ్ళు చూడక మొహం వాచినవాడు మా నాయన. విరించిపురం గుడికి పోయినప్పుడల్లా వంతెన మీద నిలబడి, ఏట్లో మొలిచిన తుమ్మ చెట్లను తిట్టి గానీ కదలడు.

"మా ఊరంతా నీళ్ళే" అన్నారు మాష్టారు. ఊరికి దక్షిణంగా ఒక నది, చుట్టూరా ఇంకొన్ని. వానొస్తే వీధులే కాలవలు. మరి తాగడానికో అంటే, బోర్లు. నది నల్లగా మారిపోయిందట.

నాయన నా వైపు తిరిగాడు. "సరిగ్గా సెప్పినావా నువ్వు? ఏరు లేక మనం బోరేసుకుంటిమి. చుట్టూ ఏర్లు పెట్టుకోని వీళ్ళకేం పొయ్యేకాలం?"

నేను మర్యాదగా తర్జుమా చేశాను. తోళ్ళ కార్ఖానాల మురికి అంతా నదిలోకే వదిలేవారని మాష్టారు చెప్పారు. నాయన మొహం వెలిగిపోయింది. "మీకూ తోలు షాపులేనా! మాకూ అదే కద వాద్యారే!" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళి సంబంధంలో చుట్టరికం కలిసినప్పుడు కూడా ఆయన అంత సంతోషపడగా నేను చూడలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మిద్దె మీద ఢాకా పాఠమే. ఢాకాను ఒకసారి రాజధాని చేశారు, తీసేశారు, మళ్ళీ చేశారు, మళ్ళీ తీసేశారు. "ఉద్యోగంలోకి తీసుకోని నిలిపేసినట్టుండాదే" అనేవాడు నాయన. జనం సంగతి అడిగితే మాష్టారు, "మా పాత బస్తీలో మీరు కాలు కింద పెట్టాలంటే ముందు ఇంకొకరు కాలు ఎత్తాలి" అన్నారు. ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నటి మస్లిన్ నేసింది తమ ఊరివాళ్ళేనన్నారు. నాయన గుడియాత్తం లుంగీ పరువు తన భుజాల మీద ఉన్నట్టు లేచి నిలబడ్డాడు. "ఉంగరంలో దూరేది కట్టుకుంటే వీధిలో మానం నిలస్తాదా? మా లుంగీ ఎండకు గొడుగు, రాత్రికి దుప్పటి. పాపా, ఇది మాత్రం ఇడిసిపెట్టకుండా సెప్పు." అప్పటికే నవ్వు ఆపుకోలేక నేను సగం వదిలేశాను.

అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుని ఇద్దరినీ ఫోనులో వీడియో తీసి స్నేహితులకు పంపేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. ఒకసారి నాతో మెల్లగా అంది: "ఇంట్లో ఆయన ఇంత మాట్లాడరు ఆంటీ. ఊరి గురించి మాట్లాడుతున్నంతసేపూ నా గురించి మాట్లాడక్కర్లేదు కదా." మరునాటి నుంచి పాఠానికి టీ కూడా నేనే పెట్టి తీసుకెళ్ళేదాన్ని.

ఒక ఆదివారం నాయన మాష్టారిని మా వేలూరు కోటకు తీసుకుపోయాడు. కందకంలో నీళ్ళు చూపించి, చూశావా అన్నట్టు మీసం సవరించుకున్నాడు. మాష్టారు కోటను మెచ్చుకుని, తమ ఊళ్ళోనూ ఒక కోట ఉందనీ, అయితే అది పూర్తికాలేదనీ చెప్పారు. మొగలుల కాలంలో ఆ ప్రాంతాన్ని ఏలిన సుబేదారు కడుతుండగా ఆయన కూతురు చనిపోయింది. ఆ కోట అచ్చిరాలేదని పని ఆపేశాడు. కూతురి సమాధి లోపలే ఉంది. ఇన్ని వందల ఏళ్ళుగా జనం టికెట్టు కొని ఆ సగం కోటను చూసి వస్తున్నారు.

చరిత్ర మాష్టారు కదా, తన నోట ఏం వచ్చిందో ఆయనకు తెలియలేదు. మా నాయనకు తెలిసింది. ఇల్లు చేరగానే రోడ్డు మీదే నిలబడి తల పైకెత్తి చూశాడు. మా మూడో అంతస్తు అప్పటికి మొండి గోడల దగ్గర ఆగి చాలా కాలమైంది. ఏట్లో ఇసుక తీయనివ్వరు, మేస్త్రీ రాతిపొడి వాడదామంటాడు. "ఏటి ఒడ్డున పుట్టినోణ్ణి, రాయి దంచిన పొడితో ఇల్లు కట్టేదా?" అని నాయన మొండికేశాడు. అలా మిగిలిపోయింది.

"పాపా, మేస్త్రీకి ఫోన్ చెయ్యి. రాతిపొడి దించమను."

"ఏమైంది నాయనా ఉన్నట్టుండి?"

"ఆ బిడ్డకు ఆపరేషను పెట్టుకోని నేను మిద్దె సగంలో నిలిపితే ఎట్లా?"

విషయం తెలిసి మాష్టారు తలపట్టుకున్నారు. సుబేదారు కూతురు పోవడం ముందు, కోట ఆగడం తర్వాత, చావు వల్ల కోట ఆగింది గానీ కోట ఆగడం వల్ల చావు రాలేదు అని బోర్డు ముందు నిలబడినట్టే చెప్పారు. నాయన ఓపిగ్గా విన్నాడు. "ఆయన పుస్తకాలు సదివినాడు. నేను ఇల్లు కట్టినాను. సగం ఇంటికి కండ్లు శానా పడతాయని సెప్పు." చెప్పాను. మాష్టారు భారతదేశం మొత్తం మీద జాలిపడినట్టు నన్ను చూశారు.

ఆసుపత్రివాళ్ళు ఆపరేషనుకు రోజు ఇచ్చారు. నాయన స్లాబుకు అదే రోజు పెట్టాడు. ఆ రోజు అష్టమి అని మేస్త్రీ నసిగితే, "ఆస్పత్రికి లేని అష్టమి నీకేంటికప్పా?" అని కసిరాడు. అమ్మాయి ముందే ఆసుపత్రిలో చేరింది. మిగతా గదులవాళ్ళకు నేను ఇంటింటికీ పిలుపులు చెప్పినట్టు తిరిగి, చప్పుడవుతుంది, కోపం తెచ్చుకోకండి, మధ్యాహ్నం మాంసం బిరియానీ ఉంది అని చెప్పుకున్నాను. మా వైపు స్లాబు పోసిన రోజు పనివాళ్ళకు మాంసం పెట్టాల్సిందే. బిరియానీ పేరు చెప్పగానే ఢాకావాళ్ళు "మా బిరియానీతో పోలిస్తే..." అని మొదలుపెట్టారు. చప్పుడు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పొద్దున్నే అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళారని ఫోను వచ్చింది. ఇక్కడ మిక్సరు తిరగడం మొదలైంది. నాయన తలపాగా చుట్టుకుని మేస్త్రీని ఊపిరి తీసుకోనివ్వలేదు. స్లాబు ముప్పాతిక దాటాక మిక్సరు ఒకసారి దగ్గి ఆగిపోయింది. మెకానిక్కు కాట్పాడిలో ఉన్నాడట, వస్తాడట. నాయన మిక్సరును తిట్టాడు, మేస్త్రీని తిట్టాడు, ఆఖరికి నన్నూ తిట్టాడు. తర్వాత ఎర్రబడిన కళ్ళతో మెట్ల మీద కూర్చున్నాడు.

అప్పుడే నా ఫోను మోగింది. మాష్టారు.

"ఏమైనా చెప్పారా?" అన్నాను.

"ఏమీ చెప్పలేదు. లోపలే ఉంది." ఆయనే మళ్ళీ అడిగారు. "మీ మిద్దె అయిందా?"

ఆ మాట ఆ మనిషి నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. "ఒక మూల మిగిలింది మాష్టారూ. మిక్సరు ఆగిపోయింది."

"ఎంత మూల?"

"మంచం పట్టేంత."

"చేత్తో కలపకూడదా?"

"మనుషులు చాలరు."

"ఫోను మా వాళ్ళకివ్వండి" అన్నారు. పక్క గదిలోని ఢాకా పెద్దమనిషికి ఇచ్చాను. మాష్టారు ఏం చెప్పారో ఆ భాష నాకు అంత రాదు. ఆయన ఫోను తిరిగిచ్చి, లుంగీ ఎగగట్టి, గదుల తలుపులు కొట్టుకుంటూ పోయాడు. అన్నలు, మామలు, బావమరుదులు, పొట్టమీద చెయ్యి పెట్టుకుని మూలిగే ఒక పేషెంటు కూడా బయటికి వచ్చారు. మా ఇంట్లో అంతమంది ఉన్నారని నాకే తెలియదు. మెట్ల మీద కింది నుంచి పైదాకా మనుషులే, కింద చేత్తో కలిపిన కాంక్రీటు ఇనప తట్టల్లో చేతులు మారుతూ పైకి పోతోంది. కాలు కింద పెట్టడానికి చోటులేక నేను చీర చెంగు దోపుకుని వరుసలో నిలబడ్డాను. "ఇదే గాబోలు ఢాకా!" అని పైనుంచి నాయన అరిచాడు.

మూల నిండింది. మేస్త్రీ తాపీతో నున్నగా లాగాడు. బిరియానీ తిన్నారు, బాగాలేదన్నారు, మళ్ళీ పెట్టించుకున్నారు. చీకటి పడే వేళకు మాష్టారు ఫోను చేశారు. ఆపరేషను బాగా జరిగిందట. మర్నాడు అమ్మాయి కళ్ళు తెరిచింది. నాయనకు చెప్తే, "ఆఁ, తెలుసు" అని అటు తిరిగి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

అమ్మాయి గదికి తిరిగొచ్చాక నాయన మళ్ళీ మేస్త్రీని పిలిపించాడు. మా ప్రాంతంలో ఏ ఇల్లూ పూర్తికాదు. రేపు ఇంకో అంతస్తు వేయవచ్చని స్తంభాల ఇనప కమ్ములు స్లాబు పైకి పొడుచుకొచ్చినట్టే వదిలేస్తారు. తాతలు వదిలిన కమ్ములు మనవల కాలానికి తుప్పుపట్టి ఉంటాయి. నాయన వాటిని కోసేయమన్నాడు.

మేస్త్రీ నమ్మలేదు. "ఏంది సామీ, ఊరంతా ఇడిసిపెడతారు. రేపు పనికొస్తాయి, ఉండనీండి."

"కోసెయ్యప్పా. ఈ ఇల్లు అయిపోయింది. కింద రూముల్లో యాడ్యాడి బిడ్డలో ఉండారు."

మాష్టారు పక్కనే నిలబడి ఉన్నారు. ఆ మాటకు నన్ను తర్జుమా అడగలేదు. ముందుకు వచ్చి వంగి, కోతకు కదలకుండా కమ్మిని రెండు చేతులా పట్టుకున్నారు.