మంచం కింది విత్తనం

వాన ముఖం చాటేసిన ఆ ఏడు విత్తనాన్ని కాపాడింది జీవశాస్త్రం అయ్యవారని మా చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. ఆ అయ్యవారిని నేనే. ప్రకృతి సూత్రం తెలిసినవాణ్ణి కాబట్టి సగం వేసి సగం దాచానని ముప్పై ఏళ్లు ఊరూరా చెప్పుకున్నాను. ఒకసారి బత్తలపల్లెలో చెప్పేటప్పుడు దాచిన మూటలు ఇరవై అయ్యాయి. నిజానికి నాలుగే. వాటిని దాచింది కూడా నేను కాదు.

డెబ్బైలలో తనకల్లు దగ్గర హైస్కూల్లో పాఠాలు చెబుతూ, నాయన వదిలిపోయిన చేను అమ్మతో కలిసి చేసేవాణ్ణి. అంతా వానాధారం. వేరుశనగ విత్తనం పోతే ఆ ఏటికి చేను బీడే. ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. ఊరంతా విత్తనం వేయడానికి గొర్రులు కట్టారు.

అమ్మ గడప మీద కూర్చుని, మడమలో దిగిన పల్లేరు ముల్లు తీసుకుంటూ, "సగమే ఏద్దాం లేప్పా," అంది.

"మళ్లీ వానెప్పుడొస్తాదో! పదునుండంగానే అంతా ఏసేద్దామ్మా."

"ఈ పల్లేరును ఏటేటా పెరుకుతానే ఉండా. మళ్లీ యాడ నుంచి వస్తాండాది? ఒక్క వానకే గింజలన్నీ మొలిచింటే దాని వంశం ఎప్పుడో నాశనమైపోయింటాది. ముల్లుకుండే బుద్ధి మనకొద్దా?"

"ముల్లుకు బుద్ధేందమ్మా! చదివింది నువ్వా, నేనా?"

మర్నాడు అమ్మ జ్వరమని దుప్పటి కప్పుకొని మంచం దిగలేదు. ఎనిమిది మూటలు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. "ఎలుకలప్పా," అని మూలిగింది.

నేను వెంటనే గొర్రు తోలే ఆయనకు పాఠం మొదలుపెట్టాను. కనిపించిన పామునల్లా కొడతారు, పాములు తగ్గితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకలు పెరిగితే మన గింజలు పోతాయి, దీన్నే ఆహారపు గొలుసంటారు అన్నాను. ఆయన ఎద్దుల్ని నిలిపి ఓపిగ్గా విన్నాడు.

"అట్లనా! గోనె సంచులతో సహా తినినాయా సారూ?"

కసురుకుని విత్తనం వేయించాను.

మొలకలు వచ్చాయి. వాన రాలేదు. చేతితో తాకితే ఆకు పొడైపోయేది. నెల దాటాక ఆశ్లేష కార్తెలో మళ్లీ వాన పడేసరికి, నేను ఖాళీ సంచుల మీద కూర్చుని ఉన్నాను. అమ్మ నన్ను తన గదిలోకి పిలిచి, మంచం కింద కప్పిన పాత దుప్పటి లాగింది.

"ఎలుకలు తిరిగిచ్చినాయి. తీసుకో."

నాలుగు మూటలూ వేశాం. పంట విరగకాసిందని చెప్పేవాణ్ణి. అదీ అబద్ధమే. ఏదో కాసింది. మరుసటి ఏటికి విత్తనం మాత్రం మిగిలింది.

తర్వాత బడిలో ఒక పల్లేరు కాయ కోసి చూపించాను. ఒక్కో ముక్కలో రెండు మూడు గింజలుంటాయి. ఒకటి ఈ వానకు మొలిస్తే, తక్కినవి పై ఏటి దాకా ఆగుతాయి. ఇందులో బుద్ధేమీ లేదు. అన్నీ ఒకేసారి మొలిచే పల్లేర్లు కూడా ఒకప్పుడు ఉండే ఉంటాయి. ఏదో ఒక కరువులో అవన్నీ ఎండిపోయాయి. మన కాళ్లలో గుచ్చుకోవడానికి మిగిలినవి, ఆగే గింజలున్న వాటి సంతానమే. పాఠం బాగా కుదిరింది. ఆ సంబరంలో అమ్మకు కూడా చెప్పాను.

"ఇదంతా ఎవరు చెప్పినారని చెప్పినావప్పా పిల్లోల్లకు?"

"శాస్త్రం చెప్పిందని."

"ఓహో! ఆ పొద్దు జరమొచ్చి మంచం మీద పండుకునింది శాస్త్రమేనా?"

మరుసటి ఏడు తొలి వాన పడగానే సగం మూటలు నేనే మోసుకొచ్చి ఆమె మంచం కిందికి తోశాను. అంతకుమించి ఒప్పుకోలేదు. పిల్లలకు ఆమె పేరెత్తి చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.