పక్క గుమ్మం దగ్గరే ఆగే దేవుడు

మా పక్క పోర్షన్ ఆమె అంటే నాకు కుళ్ళు. ఇప్పుడు కాస్త తగ్గిందని చెప్పుకుంటాను గానీ, ఆ రెండు నెలలు మాత్రం ఆమె నవ్వితే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఎందుకో చెబితే మీరు నన్నే తిడతారు. ఆమెకు నగలు లేవు, మంచి చీరలు లేవు. దేవుడి మీద నమ్మకం మాత్రం ఉంది. ఆ నమ్మకానికి తగ్గట్టు దేవుడు ఆమెకు పంపేవాడు. నాకు పంపేవాడు కాదు. నా కుళ్ళంతా దానికే.

పాతబస్తీలో, శాలిబండలో మాది పాతకాలపు ఇల్లు. మధ్యలో వాకిలి, చుట్టూ మూడు పోర్షన్లు. ముందు పోర్షన్‌లో ఓనరమ్మ, ఆమె కొడుకులది బట్టల వ్యాపారం. వెనక రెండింటిలో ఒకటి మాది, ఒకటి ఆమెది. నడుమ ఒకటే గోడ. ఆమె గరిటె కింద పెట్టినా నాకు వినిపించేది.

ఆ యేడు ఎండలు ముదిరే వేళకు మా ఆయన పనిచేసే అఫ్జల్‌గంజ్ దుకాణానికి తాళం పడింది. యజమానులైన అన్నదమ్ములు వాటాల కోసం కోర్టుకెక్కారు, గుమాస్తాలు రోడ్డెక్కారు. వారం తిరగకుండానే ఆమె భర్త నడిపే షేరింగ్ ఆటో బోల్తా పడి ఆయన కాలు విరిగింది. గోడకు అటూ ఇటూ ఒకటే కరువు. అక్కడిదాకా మేమిద్దరం సమానమే.

"ఎట్లనే ఇల్లు గడిచేది?" అని ఓనరమ్మ అడిగితే, ఆమె వాకిట్లో కూర్చుని పిల్లకు జడ వేస్తూ, "నారు పోసినోడు నీరు పొయ్యడా అమ్మా? ఫికర్ ఎందుకు?" అంది. అదేదో పక్క వీధివాళ్ళ కష్టమైనట్టు.

నాకూ నమ్మకం తక్కువేమీ లేదు. శుక్రవారం తలస్నానం, గడపకు పసుపు, రెండు పూటలా దీపం. ఆమె దీపం పెట్టేది గుర్తొచ్చినప్పుడు. నైవేద్యమంటే చిటికెడు చక్కెర. న్యాయంగా చూస్తే దేవుడు ముందు నా తలుపు తట్టాలి.

నిజానికి తలుపు తట్టినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళను నేనే పంపించేశాను.

మా వాకిట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే, ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఓనరమ్మ పప్పు పంపితే మర్నాడు అదే గిన్నెలో నా వంకాయ కూర వెళ్ళేది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదొక ముచ్చట. లేనప్పుడు అదే ప్రాణసంకటం. ఒకరోజు ఓనరమ్మ గిన్నెనిండా పులిహోర తెచ్చింది. ఆ పసుపు రంగు చూడగానే నోరూరింది. ఆ వెంటనే, రేపు ఇందులో ఏం పెట్టి ఇవ్వాలని గుండె గుభేలుమంది. "ఇప్పుడే వండిన అమ్మా, మస్తుగున్నది," అని గడప దగ్గరే తిప్పి పంపాను.

ఆ గిన్నె నాలుగడుగులు నడిచి పక్క గుమ్మంలోకి వెళ్ళింది. ఆమె రెండు చేతులా అందుకుంది. సాయంత్రం గిన్నె కడిగి, వాకిట్లో ఉన్న చెట్టు నుంచి కరివేపాకు రెమ్మ తుంచి, అందులో వేసి తిరిగిచ్చింది. ఆ చెట్టు ఓనరమ్మదే! ఓనరమ్మ చెట్టు ఆకు ఓనరమ్మ గిన్నెలోనే పెట్టి ఇవ్వడానికి ఎంత ధైర్యం ఉండాలి? ఓనరమ్మ కడుపుబ్బ నవ్వింది. నేను మాత్రం సిగ్గులేని మనిషి అనుకుని తలుపు వేసుకున్నాను.

ఇక నా మాట నిలబెట్టుకోవాలి కదా. వండానని చెప్పిన ఇంట్లోంచి వంట వాసన రావాలి. మర్నాటి నుంచి రోజూ పదకొండు గంటలకు తలుపు బార్లా తీసి పోపు పెట్టేదాన్ని. చెంచాడు నూనె, నాలుగు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు. అవి చిటపటలాడగానే చింతపండు నీళ్ళు పోస్తే చుయ్‌మని వాకిలంతా వినిపించేది. ఆ ఉత్త చారే మా కూర, మా పప్పు.

"ఉన్న నూనెంత పోపుకే పోస్తే ఎట్ల? ఎవరికోసమే గీ లొల్లి?" అని మా ఆయన విసుక్కునేవాడు.

"పరువు కోసం," అనేదాన్ని.

పక్కింటికి మాత్రం గిన్నెలు ఆగలేదు. ఎదురింటి ముస్లిం ఆపా కిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా పంపింది. పాలాయన పిల్లల కోసమని కొలతకు మించి పోసిపోయాడు. ఓనరమ్మ ఏకంగా బియ్యమే పంపింది. వచ్చిన ప్రతిసారీ గోడ అవతల నుంచి ఒకటే మాట, "చూసిన్రా, దేవుడు పంపిండు." నేను గోడకు చెవి ఆనించి వినేదాన్ని. తర్వాత దీపం ముందు నిలబడి పోట్లాడేదాన్ని. నారు నా మళ్ళో కూడా పోశావు కదా స్వామీ, నీళ్ళు ఎప్పుడూ పక్క మడికేనా? ఆమెకున్నదేమిటి, నాకు లేనిదేమిటి?

బడికి సెలవులిచ్చారు. మా పాపకు మధ్యాహ్నం బడిలో దొరికే అన్నం కూడా పోయింది. మూడో తరగతి పిల్ల, గౌను భుజాల మీంచి జారేది. దాని కడుపు నింపాలంటే ఎవరో ఒకరి ముందు నోరు తెరిచి లేదని చెప్పాలి. రోజూ చెబుదామనుకునేదాన్ని, రోజూ పోపు పెట్టేదాన్ని.

డబ్బాలో చివరి బియ్యం గంజి కాచిన రోజున పాప రెండు గుక్కలు తాగి, ఆకలి లేదని బయటికి పోయింది. ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. పక్కింటి వంటగదిలో, ఆమె పిల్లలిద్దరి మధ్య కూర్చుని పప్పన్నం తింటోంది. గబగబా, తలెత్తకుండా తింటోంది. నా బిడ్డ అలా తినడం నేనెప్పుడూ చూడలేదు.

చెయ్యి పట్టుకుని లేపాను. "మా ఇంట్ల తిండి లేదనుకున్నవా?" అని ఆమె మీద అరిచాను.

"పిల్లలతోని కూసున్నది అక్కా. రెండు ముద్దలు పెట్టిన, గంతే."

అక్కడితో ఊరుకోవలసింది. కానీ రెండు నెలల కుళ్ళు గొంతులో ఉంది. "నీకేంది! దేవుడు నీ గుమ్మం దగ్గరనే ఆగుతడు. మా గుమ్మం ఆయనకు కనిపిస్తలేదు," అనేశాను.

ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత ఆమెకూ కోపం వచ్చింది. ఆమెకు కోపం రావడం నేను చూసింది అదే మొదటిసారి.

"గిట్లంటవేంది అక్కా? రోజు నీ పోపు వాసనకు నా పిల్లలు గోడకాడ కూసుంటరు. ఆంటీ వాళ్ళింట్ల ఇయ్యాల ఏం కూర అని నన్ను సతాయిస్తరు. ఇందరి ఇండ్లకెళ్లి గిన్నెలొచ్చినయి, నీ ఇంటికెళ్లి ఒక్కటి రాలే. నీకు మస్తున్నది, మాకు పెట్టబుద్ధయితలేదు అనుకున్న. నిన్ను చూస్తే కడుపుల మండేది. అందరి మనసు కరిగిస్తున్నవు, పక్కింటక్క మనసు ఎందుకు కరిగిస్తలేవని దేవునికి చెప్పుకొని ఏడ్చిన."

నేను పాప చెయ్యి వదిలేశాను. మా పాపే అంది, మూతి తుడుచుకుంటూ, "మా అమ్మ కూర వండది ఆంటీ. ఉత్త పోపే."

ఆమె నా మొహంలోకి చూసింది. జాలి పడుతుందేమోనని భయపడ్డాను. పడలేదు. లేచి, బియ్యం డబ్బా దించి, ఉన్నదాంట్లో సగం నా కొంగులో పోసింది.

"రేపటికి నీకో?" అన్నాను.

"రేపటి సంగతి రేపు సూద్దాం అక్కా. ఇది నాది కాదు, దేవుడిచ్చిందే," అంది. అని, పిల్లలకు మారన్నం వడ్డించడానికి కూర్చుంది. ఆ చేతిలో తొందర లేదు, గిన్నెలో ఎంత మిగిలిందో చూసుకోవడం లేదు.

ఇంటికొచ్చి ఎసరు పెట్టి ఏడ్చాను. కృతజ్ఞతతో ఏడ్చానని రాస్తే బాగుంటుంది. కానీ అది కుళ్ళే, మునుపటికంటే ఎక్కువైంది. అన్నాళ్ళూ దేవుడు ఆమెకు తిండి పంపుతున్నాడని ఏడ్చాను. ఉన్నదాంట్లో సగం ఇచ్చేసి నిశ్చింతగా కూర్చునే గుండె కూడా ఆమెకే ఇచ్చాడని ఆ రోజు చూశాను. నా డబ్బా నిండుగా ఉన్న రోజుల్లో కూడా నేను ఎవరికీ సగం ఇచ్చిందాన్ని కాదు.

తర్వాతి వారం మా ఆయనకు ఇంకో దుకాణంలో పని దొరికింది. అప్పటిదాకా నా బిడ్డ కడుపు నిండింది ఆమె నమ్మకంతోనే, నా నమ్మకంతో కాదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.